మామిడి పూత మీద తేనెమంచు పురుగు, గట్టు మీద తేనెటీగల పెట్టెలు: మందు కొట్టాలా?

నూజివీడు_తోట
మాది బంగినపల్లి తోట. ఈసారి పూత బాగా వచ్చింది. కానీ కొమ్మ కదిపితే చాలు, తేనెమంచు పురుగులు టపటపా లేస్తున్నాయి. వదిలేస్తే పూత మాడిపోతుంది, ఆకులకు మసి పడుతుంది. షాపులో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇచ్చారు. గట్టు వెంట నా పెట్టెలున్నాయి, అన్నీ తొర్ర తేనెటీగలే. తోటా నాదే, ఈగలూ నావే. ఏం చేయమంటారు?

నంద్యాల_పొద్దుతిరుగుడు
కొట్టక తప్పదనుకుంటే పొద్దుగూకాక కొట్టండి, ఈగలు గూటికి చేరిపోతాయి. పట్టపగలు పూత మీద మాత్రం వద్దే వద్దు. ఒక ఏడాది మా పక్క చేలో అలాగే కొట్టారు, ఈగలు రావడమే మానేశాయి. పొద్దుతిరుగుడుకు ఈగ రాకపోతే సగం గింజలు తాలే. చివరికి కూలోళ్లను పెట్టి, పొద్దున్నే మెత్తటి గుడ్డతో పువ్వు పువ్వునూ రుద్దించాం.

పెట్టెలతో_ఊరూరా
అన్నా, సాయంత్రం కొట్టినంత మాత్రాన సరిపోదు. ఇమిడాక్లోప్రిడ్ పైన పడి ఆరిపోయే రకం కాదు, చెట్టు రసంలో కలిసి పువ్వులోని తేనెకూ పుప్పొడికీ చేరుతుంది. మర్నాడు పొద్దున ఈగ తాగేది దాన్నే. పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పగా కనబడితే కనీసం తెలుస్తుంది. ఈ రకం మందుతో మేతకు పోయినవి దారి తప్పి అక్కడే పోతాయి, పెట్టె మాత్రం రోజురోజుకీ తేలికవుతుంది. యూరోపియన్ యూనియన్ 2018లో దీన్నీ, ఇదే రకం మందులైన థయామెథాక్సామ్, క్లోథియానిడిన్‌లనూ ఆరుబయట పంటలకు వాడకుండా ఆపింది.

కౌలు_కష్టం
చెప్పడం తేలికే. తోట కౌలుకు తీసుకున్నవాడికి ఏడాదికి వచ్చేది ఈ ఒక్క కాపే. పూత పోతే అప్పు ఎవరు కడతారు? ఈగలంటే నాకూ ఇష్టమే, కానీ పురుగును చూస్తూ కూర్చోలేను.

పెట్టెలతో_ఊరూరా
కూర్చోమనడం లేదు తమ్ముడూ, మీ బాధ న్యాయమైనదే. అదను మార్చమంటున్నాను. పూగెలలు బయటికి వస్తున్నప్పుడు, పువ్వు విచ్చకముందే ఒకసారి కొట్టాలి. విచ్చాక ఆపాలి. మళ్లీ అవసరమైతే పిందె కట్టాక. మధ్యలో పురుగు ఎక్కువైతే వేపనూనె, అదీ సాయంత్రమే. ఇంకో మాట, డబ్బా మీద త్రికోణం రంగు చూసి మోసపోకండి. అది మనుషులకు ఎంత విషమో చెబుతుంది, ఈగలకు కాదు. థయామెథాక్సామ్‌కు ఉండేది నీలం త్రికోణమే, అంటే ఎరుపు, పసుపుల కన్నా తక్కువ విషమని. ఈగలకు మాత్రం అది ప్రాణాంతకం.

నంద్యాల_పొద్దుతిరుగుడు
తడి గోనె కప్పి పెట్టెలు మూసేస్తే?

పెట్టెలతో_ఊరూరా
ఒక పూటకైతే పర్వాలేదు, గాలి ఆడాలి, లోపల నీళ్లుండాలి. రోజుల తరబడి మూస్తే ఉక్కకే చస్తాయి. తొర్ర ఈగలు విసిగితే గూడు వదిలి లేచిపోతాయి కూడా. దానికన్నా రాత్రిపూట పెట్టెలు మార్చడం మేలు. మూడు కిలోమీటర్లు దాటించండి, దగ్గర్లో పెడితే మేతకెళ్లినవి పాత చోటుకే తిరిగొస్తాయి.

నూజివీడు_తోట
ఇప్పుడే చూసొచ్చాను. రోడ్డు వైపు చెట్లకు పువ్వు విచ్చింది, లోపలి వరసలు ఇంకా గెల దశలోనే ఉన్నాయి. లోపలి వాటికే మందు కొడతాను, అదీ పెట్టెలు తరలించాకే. విచ్చిన వాటికి వేపనూనె. పక్క తోటాయన ఎప్పుడు కొడతాడో ఈ సాయంత్రమే అడుగుతాను. మైలవరం వైపు ఎవరికైనా మందు కొట్టని చోటుంటే చెప్పండి, పిందె కట్టేదాకా పెట్టెలు అక్కడ ఉంచుకుంటాను.