సీపీఎస్ డబ్బుతో యాన్యుటీ: అసలు సొమ్ము తిరిగొచ్చేదా, పింఛను ఎక్కువొచ్చేదా?

అందరికీ నమస్కారం. మా నాన్నగారు సీపీఎస్‌లో (జీతంలోంచి, ప్రభుత్వం నుంచి నెలనెలా డబ్బు జమయ్యే పింఛను పథకం) ఉన్న టీచర్, వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. ఖాతాలో సుమారు 45 లక్షలున్నాయి. 60 శాతం చేతికొస్తుంది, దానికి పన్ను లేదు. మిగతా 40 శాతంతో, అంటే 18 లక్షలతో, యాన్యుటీ (ఒకేసారి డబ్బు కట్టి జీవితాంతం పింఛను పొందే పాలసీ) కొనాలి. నా బెంగంతా దాని గురించే. కొన్న పాలసీని వెనక్కివ్వడానికిచ్చే ఫ్రీలుక్ గడువు దాటితే ఇక మార్చుకోవడం కుదరదు.

అమ్మ ఆయనకన్నా ఎనిమిదేళ్లు చిన్న, వేరే ఆదాయం లేదు. అందుకే ఆయన తర్వాత ఆమెకూ పూర్తి పింఛను వచ్చేదే తీసుకుంటాం. తేలనిది ఒక్కటే: చివర్లో అసలు సొమ్ము నామినీకి తిరిగొచ్చే రకమైతే నెలనెలా వచ్చేది తగ్గుతుంది. నాన్న "పిల్లలకేదో మిగలాలి కదమ్మా" అంటారు. మాకేమీ వద్దు, వాళ్లిద్దరూ ఒకరిమీద ఆధారపడకుండా బతికితే చాలు. పైగా ఈ పింఛను ఏటా పెరగదు. పదిహేనేళ్ల తర్వాత మందులకైనా సరిపోతుందా?

చేతికొచ్చే 27 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేద్దామనుకుంటున్నాం. ఆ అసలు సొమ్ము అక్కడ భద్రంగా ఉంటుంది కాబట్టి, యాన్యుటీలో అసలు వదులుకుని ఎక్కువ పింఛను తీసుకోవడం సరైనదేనా? ఈమధ్య రిటైరైనవారు ఏది ఎంచుకున్నారో, ఏ వయసుకు నెలకెంత వస్తోందో దయచేసి చెప్పండి.