నెబ్రాస్కా రాంచ్ ప్రాంతం నుంచి రాష్ట్ర సెనేటర్: ఏడాదికి 12,000 డాలర్ల జీతంతో ఎలా?

నదిఒడ్డు:
అమెరికా రాష్ట్ర రాజకీయాల మీద కాలేజీలో ప్రెజెంటేషన్ ఇవ్వాలి. డెబ్ ఫిషర్‌ను ఎంచుకున్నాను. ఇప్పుడు ఆమె వాషింగ్టన్‌లో సెనేటర్. నాకు కావాల్సింది మాత్రం అంతకుముందు, 2005 నుంచి ఎనిమిదేళ్లు నెబ్రాస్కా శాసనసభలో ఉన్న కాలం. ఎక్కడ చూసినా "రాంచర్ (పెద్ద పశువుల క్షేత్రం నడిపేవారు), తర్వాత సెనేటర్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. పశువుల పని వదిలేసి వెళ్తారా? జీతం ఏడాదికి 12,000 డాలర్లేనట, నిజమేనా?

శాండ్‌హిల్స్_డాక్టర్:
నిజమే తమ్ముడూ, ఏడాదికే. 1988లో ఓటర్లు ఆమోదించిన మొత్తం అది, రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంటుంది. 22,500కి పెంచుదామని 2012లో మళ్లీ ఓటుకు పెడితే జనం వద్దన్నారు. సభ జరిగే రోజుల్లో బస, భోజనాల ఖర్చులకు భత్యం వేరుగా ఇస్తారు.

నేను శాండ్‌హిల్స్‌లో, అంటే నెబ్రాస్కాలో పశువులు మేపే గడ్డి ఇసుకదిబ్బల ప్రాంతంలో, ఒక చిన్న ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేశాను. నా పేషెంట్లలో ఎక్కువమంది రాంచర్లే. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నా, జీతం కంటే క్యాలెండరే వాళ్లకు పెద్ద అడ్డంకి. సభ జనవరి మొదట్లో మొదలవుతుంది. బేసి సంవత్సరాల్లో 90 పనిదినాలు, సరి సంవత్సరాల్లో 60. ఫిబ్రవరి, మార్చి నెలలు పూర్తిగా రాష్ట్ర రాజధాని లింకన్‌లోనే గడిచిపోతాయి. ఆవులు ఈనేది కూడా సరిగ్గా అప్పుడే. తొలిచూలు పెయ్యల్ని రాత్రంతా రెండు మూడు గంటలకోసారి లేచి చూడాలి. దూడ అడ్డం తిరిగితే చేయి పెట్టి సరిచేయాలి. మంచు తుఫానులో పుట్టిన దూడను లోపలికి మోసుకొచ్చి ఆరబెట్టకపోతే చచ్చిపోతుంది. మార్చిలో నా దగ్గరకు వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చున్నచోటే నిద్రపోయేవాళ్లు. శాండ్‌హిల్స్‌లోని వాలెంటైన్ ఊరి నుంచి లింకన్‌కు కారులో దాదాపు ఐదు గంటలు, కాబట్టి సాయంత్రం ఒకసారి ఇంటికొచ్చి చూసి వెళ్దామన్నా కుదరదు.

అందుకే ఇక్కడ పోటీ చేయాలనుకునేవాళ్లు ఓటర్ల కంటే ముందు ఇంట్లోవాళ్లను ఒప్పించాలి. ఆ నెలల్లో మందను చూసుకునేందుకు భర్తో, భార్యో, ఎదిగిన పిల్లలో ఉండాలి. ఫిషర్ గారు పుట్టింది లింకన్‌లోనే. పెళ్లయ్యాక వాలెంటైన్ దగ్గర భర్త కుటుంబానికి ఉన్న రాంచ్‌కు వచ్చారు. ముగ్గురు కొడుకులు. ముందు స్కూల్ బోర్డులో పనిచేశారు. దాన్ని చిన్న విషయంగా తీసేయొద్దు. ఇక్కడ బడులకు ప్రధాన ఆధారం ఆస్తి పన్ను, రాంచర్ల ఆస్తి అంతా భూమి రూపంలోనే ఉంటుంది. చేతిలో డబ్బు ఆడకపోయినా పన్ను కట్టాలి, తమ పిల్లలకు టీచరూ కావాలి. ఆ తగువును బోర్డు మీటింగుల్లో మొహామొహీ ఎదుర్కొన్నాకే ఆమె 2004లో 43వ నియోజకవర్గం నుంచి నిలబడి, చాలా తక్కువ ఓట్ల తేడాతో గెలిచారు.

ఇక రోడ్లు. వాలెంటైన్ ఉన్న చెర్రీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒక్కటే కనెక్టికట్ రాష్ట్రం కంటే పెద్దది, జనాభా ఆరు వేలు కూడా లేదు. కౌంటీలోనే రెండు టైమ్ జోన్లు. గుండెనొప్పి వచ్చిన మనిషికి, ఆసుపత్రికి మధ్య ఎంత దూరం ఉంటుందో ఊహించుకో. ఆమె రవాణా, టెలికమ్యూనికేషన్ల కమిటీకి అధ్యక్షత వహించారు. 2011లో బిల్డ్ నెబ్రాస్కా చట్టం తెచ్చారు. రాష్ట్రం వసూలు చేసే 5.5 శాతం సేల్స్ ట్యాక్స్‌లో పావు శాతాన్ని 2013 జులై నుంచి 20 ఏళ్లపాటు రోడ్లకే కేటాయించే చట్టం అది. అందులో 85 శాతం రాష్ట్ర రహదారులకు, 15 శాతం కౌంటీలకు, నగరాలకు. నేనైతే ప్రెజెంటేషన్‌లో సగం దీనికే ఇస్తాను.

ఒమాహా_అక్క:
డాక్టర్ గారూ, రెండోవైపు కూడా చెప్పాలి కదా. అది కొత్త పన్ను కాదు. అప్పటిదాకా సాధారణ ఖజానాకు పోయే సొమ్మును రోడ్లకు మళ్లించారు. బడులు, యూనివర్సిటీ, మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) నడిచేది ఆ ఖజానా నుంచే. అదీ బడ్జెట్‌లో కోతలు పెడుతున్న సమయంలో. అప్పట్లో చాలామంది అభ్యంతరం చెప్పింది దీనికే. బాబూ, ఇది కూడా ఒక స్లయిడ్‌లో పెట్టు.

నదిఒడ్డు:
పెడతాను అక్కా. ఇంకో డౌట్. అక్కడ సభలో పార్టీలు ఉండవంటారు, మరి ఆమె రిపబ్లికన్ కదా? 2012లో మళ్లీ ఎందుకు పోటీ చేయలేదు?

శాండ్‌హిల్స్_డాక్టర్:
అక్క చెప్పింది న్యాయమైన అభ్యంతరమే. అయినా నేను ఆ చట్టం వైపే ఉంటాను. రోడ్డు పాడైతే మాకు అంబులెన్స్‌కు ఇంకో దారి లేదు.

బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, అంతే. ఎవరు ఏ పార్టీయో అందరికీ తెలుసు. 1937 నుంచి ఒకే సభ, ఇప్పుడు 49 మంది సభ్యులు, అందరినీ సెనేటర్ అనే పిలుస్తారు. ప్రతి బిల్లు మీదా బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. కానీ కొద్ది నిమిషాలు మాట్లాడటానికి, అదీ ఆవులు ఈనే రోజుల్లో, ఐదు గంటలు కారు నడుపుకుంటూ ఏ రాంచర్ వెళ్తాడు? ఈ ప్రాంతపు సభ్యుడి మీద పడే బరువు అదే. రాలేనివాళ్ల తరఫున కూడా తనే మాట్లాడాలి.

వరుసగా రెండు విడతలకు మించి ఉండకూడదని 2000లో ఓటర్లు నియమం పెట్టారు. విడతకు నాలుగేళ్లు. కాబట్టి 2012లో ఆమెకు ఆ సీటుకు పోటీ చేసే వీల్లేదు. అమెరికా సెనేట్‌కు నిలబడ్డారు. ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) రాష్ట్ర అటార్నీ జనరల్ జాన్ బ్రూనింగ్‌ను, ట్రెజరర్ డాన్ స్టెన్‌బర్గ్‌ను, నవంబర్‌లో మాజీ గవర్నర్ బాబ్ కెర్రీని ఓడించారు.

సభ చర్చల పూర్తి పాఠాలు శాసనసభ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. 2011లో ఎల్‌బీ 84 అని వెతుకు, బిల్డ్ నెబ్రాస్కా చట్టం బిల్లు నంబరు అదే, ఆమె మాటలూ అక్క చెప్పిన అభ్యంతరాలూ రెండూ అందులోనే ఉంటాయి.