వేపాకు కషాయంతో చేసిన వెండి నానో కణాలు సెలైన్ బఫర్‌లో గడ్డకడుతున్నాయి, ఏం చేయాలి?

డయాబెటిస్‌లో కిడ్నీ సెల్స్‌ను కాపాడతాయేమో చూద్దామని వీటిని చేస్తున్నాను. 90 మి.లీ. సిల్వర్ నైట్రేట్ (1 మిల్లీమోలార్), 10 మి.లీ. వేపాకు కషాయం, 60 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. రంగు ముదురు గోధుమలోకి మారుతుంది, కాంతి శోషణ పీక్ (కణాలు కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోటు) 430 నానోమీటర్ల దగ్గర వస్తుంది. నీళ్లలో రెండు వారాలైనా చెక్కుచెదరవు.

ఫాస్ఫేట్ సెలైన్ బఫర్‌లో కలిపితే మాత్రం 40 నిమిషాల్లో బూడిదరంగుకి తిరిగి, గంటకల్లా ట్యూబు అడుగున నల్లటి మడ్డి. పీక్ చదునైపోతుంది. ఉప్పు వల్ల కణాల మీది ఛార్జ్ పనిచేయట్లేదనీ, క్లోరైడ్ వెండిని పట్టేస్తోందనీ నా అనుమానం.

మూడుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి కడిగాను. 15 నిమిషాలు సోనికేట్ చేస్తే (ధ్వని తరంగాలతో కదిపితే) కాసేపు విడిపోయి మళ్లీ అతుక్కున్నాయి. కషాయం రెట్టింపు చేశాను, తేడా లేదు. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో పోస్తే కిందికి రంగులేని నీళ్లే దిగాయి (కణాలన్నీ ఫిల్టర్ మీదే!).

కణాలకు అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్) పూత వేయమంటున్నారు. కానీ నేను వాడేది హెచ్‌కే-2 సెల్స్ (మనిషి కిడ్నీ నాళికల సెల్స్), డయాబెటిస్‌ని పోలేలా 30 మిల్లీమోలార్ గ్లూకోజ్‌లో. అల్బుమిన్ ఎక్కువైతే ఈ సెల్స్‌కే దెబ్బ, అప్పుడు ఫలితం దేనివల్లో తేల్చలేను.

అల్బుమిన్ లేకుండా ఈ వెండి కణాలు మీడియంలో (సెల్స్ పెంచే ద్రవంలో) కనీసం 24 గంటలు విడివిడిగా ఉండాలంటే ఏ పూత, కడగడానికి ముందా తర్వాతా వేయాలి?