చేంజ్‌లింగ్‌ని తెలుగులో ఏమనాలి? కామరూపులా, మారురూపులా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం కొందరం స్నేహితులం కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు తలో పాత్రగా ఆడే ఆట. ఈసారి ఆట మొత్తం తెలుగులోనే నడపాలని పట్టుబట్టి పేర్లన్నీ రాసుకుంటున్నాం. డ్వార్ఫ్‌కి మరుగుజ్జు అనుకున్నాం, ఇబ్బంది రాలేదు. చేంజ్‌లింగ్ దగ్గరే ఆగిపోయాం.

తెలియనివారి కోసం చెబుతాను. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే ఆటలోకంలో ఇదొక మనుషుల్లాంటి జాతి. అసలు రూపంలో పాలిపోయిన ఒళ్ళు, రంగులేని కళ్ళు. తలుచుకుంటే ముఖం, గొంతు, జుట్టు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నీ మార్చుకోగలరు. అయితే కట్టుకున్న బట్టలు మారవు. ఎన్నడూ చూడని మనిషి రూపం తెచ్చుకోలేరు. కాళ్ళూ చేతులూ ఉన్న తీరు మారదు కాబట్టి జింకో పక్షో కాలేరు. చనిపోతే అసలు రూపు బయటపడుతుంది.

మావాళ్ళు చెప్పినవి: రూపాంతరులు, ఊసరవెల్లులు, కామరూపులు, మాయావులు. పెద్దలు ఏమంటారు?

జవాబు:

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. ఒక్కోటీ చూద్దాం.

రూపాంతరం ఎప్పుడూ "చెందేది". బడిలో రూపాంతర శిలలు అని చదువుకున్నాం కదా, వేడికీ ఒత్తిడికీ లోనై మారిన రాళ్ళు. అక్కడ మార్పు జరుగుతుంది, ఎవరూ కోరుకోరు. మీ జాతి కోరి మారుతుంది. కాబట్టి అది కుదరదు. ఊసరవెల్లి అన్నామంటే తిట్టినట్టే. తెలుగులో ఆ మాట పార్టీలు మార్చే నాయకుడికి అతుక్కుపోయింది.

కామరూపి పాతమాట, గొప్పమాట. వాల్మీకంలో శూర్పణఖ రాముడితో తన్ను తాను పరిచయం చేసుకునేది దీంతోనే: "అహం శూర్పణఖా నామ రాక్షసీ కామరూపిణీ". నేను కామరూపిణిని అని దాపరికం లేకుండా చెప్పుకుంటుంది. ఇది రాక్షసులకే పరిమితమైన మాటా కాదు. బాలకాండలో బ్రహ్మ దేవతలతో విష్ణువుకు సాయంగా కామరూపులైన వానరులను పుట్టించమంటాడు. మేఘసందేశంలో యక్షుడు మబ్బును కామరూపమని పొగుడుతాడు. మంచీ చెడూ అంటని మాట అది. కోరిన రూపం, అంతే. కామధేనువులో ఉన్న కామమే ఇందులోనూ ఉంది, కుర్రాళ్ళు నవ్వుతారేమోనని వెనకాడక్కర్లేదు.

నా అభ్యంతరం వేరే ఉంది. కామరూపి శక్తి మీవాళ్ళకి చాలా ఎక్కువ. హనుమంతుడు సుగ్రీవుడి దగ్గర్నుంచి బిక్షువు రూపంలో వెళ్ళాడు, లంకలోకి పిల్లి అంత అయి దూరాడు. మారీచుడు బంగారు లేడి అయ్యాడు. మీ చేంజ్‌లింగ్ పిల్లి అంత కాలేదు, లేడి కాలేదు, చొక్కా కూడా మార్చలేదు! కామరూపి అని పేరు పెడితే ఆడేవాళ్ళు మొదటి రోజే "అయితే నేను గద్దనవుతా" అంటారు. ఆ మాటని డ్రాగన్లకో రాక్షసులకో దాచుకోండి.

మరొకరు:

మాస్టారు చెప్పింది నిజం. నాకు మనుచరిత్ర గుర్తొస్తోంది. గంధర్వుడు ప్రవరుడి రూపం తెచ్చుకుని వరూధినిని నమ్మిస్తాడు. అతణ్ణి మనం ఇప్పటికీ "మాయాప్రవరుడు" అంటాం. అంటే తెలుగువాళ్ళం రూపం మార్చిన ప్రతివాడికీ ముందు మాయ తగిలిస్తాం. మాయలేడి, మాయాప్రవరుడు, మాయలఫకీరు. మోసం జరిగాక మోసపోయినవాళ్ళు పెట్టే పేర్లివి.

ఒక జాతి పేరు అలా ఉండకూడదు కదండీ. తల్లి తన బిడ్డను ఎత్తుకుని "మనం ఫలానావాళ్ళం" అని చెప్పుకునే పేరు కావాలి. మాయావులు అని ఊళ్ళోవాళ్ళు అననివ్వండి, ఆటలో అది తిట్టుగా పనికొస్తుంది. వాళ్ళు తమను తాము "మారురూపులు" అనుకుంటారు. ఒకరైతే మారురూపి. మారుపేరు, మారువేషం ఉన్న భాషలో మారురూపు ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

జవాబు:

మారు తెలుగు, రూపి సంస్కృతం, ఈ పొత్తు కుదరదని ఎవరో ఒకరు అంటారు, ముందే చెబుతున్నాను. మారువేషధారి అని అందరూ అంటున్నాం కదా. నాకు మారురూపి బాగుంది. చేంజ్‌లింగ్ అసలు అర్థం పట్టుకుని "మారుబిడ్డ" అని మాత్రం పెట్టకండి. యూరప్ జానపదాల్లో ఫెయిరీలు పసిబిడ్డను ఎత్తుకెళ్ళి, బదులుగా వదిలిపోయే బిడ్డ అది. ఆటలో జాతికీ ఆ కథకీ పేరొక్కటే సంబంధం.

అడిగినవారు:

మారురూపులు ఖాయం చేసుకున్నాం! ఇంకొకటి. వీళ్ళు ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురు మనుషుల్ని తయారుచేసుకుంటారు. ఒక ముసలి వర్తకుడు, ఒక మంత్రసాని, ఇలా. ఒక్కొక్కరికీ వేరే పేరు, వేరే స్నేహితులు, వేరే అలవాట్లు. ఆ రూపాన్ని ఒక కుటుంబంలో తరతరాలుగా అందించుకోవచ్చు. తండ్రి పోయినా ఆ వర్తకుడు పోడు, కూతురు ఆ వర్తకుడవుతుంది. ఇంగ్లీషులో పెర్సోనా అంటారు. పాత్ర అందామా?

మరొకరు:

వేషం అనండి. దయచేసి వేషం అనండి!

"వేషాలెయ్యకు" అన్నప్పుడు ఆ మాట చులకనైంది గానీ, వేషం కట్టేవాళ్ళ నోట వినండి, దాని బరువు తెలుస్తుంది. కూచిపూడిలో సత్యభామ వేషం మగవాళ్ళు కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూసినవాళ్ళు ఆమె వేరే మనిషి అన్నట్టే మాట్లాడతారు. నాటకాల్లో స్థానం నరసింహారావుగారు (1902–1971) ఆడవేషాలతోనే పద్మశ్రీ అందుకున్నారు. పగటివేషాల వాళ్ళ అర్ధనారీశ్వరుడు మరీ విడ్డూరం. ఒకే ఒంటి మీద ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతి. మధ్యలో గుడ్డ అడ్డం పట్టుకుని ఒక పక్క దాచి రెండో పక్క చూపిస్తారు, గొంతు కూడా మారిపోతుంది. మీ మారురూపుల ఆటకి ఇంతకంటే దగ్గరైనది నాకు తెలియదు. వీళ్ళకి వేషం అబద్ధం కాదు, ఇంటి విద్య. "మా నాన్న వేషం ఇప్పుడు నాది" అని మీ ఆటలో ఒక పిల్ల అంటే ఎంత బాగుంటుందో చూడండి.

అడిగినవారు:

ఆ మాట నేను ఆటలో వాడేసుకుంటా. చివరి సందేహం. ఇంగ్లీషులో ఆడా మగా తేల్చకుండా దే (they) అని తప్పించుకుంటారు. మనకి క్రియలోనే ఆడా మగా వచ్చేస్తుంది. వచ్చాడనాలా, వచ్చిందనాలా?

జవాబు:

ఎప్పుడూ "తను", "వచ్చారు" అని సర్దుకోవచ్చు, తప్పులేదు. కానీ నాకైతే క్రియను వేషానికే వదిలేయాలనిపిస్తుంది. "వర్తకుడు సత్రంలోకి వెళ్ళాడు. కాసేపటికి అదే గళ్ళ దుప్పటి కప్పుకుని మంత్రసాని బయటికి వచ్చింది." బట్టలు మారవన్నావు కదా. మారురూపి అని చెప్పకుండా ఇంతే చెప్పు. శ్రద్ధగా విన్నవాడు దుప్పటి పట్టుకుంటాడు. దమయంతికి ఒకే రూపంలో ఐదుగురు నలులు కనబడ్డప్పుడు ఇలాంటి గుర్తులే దారి చూపించాయి. దేవతలకి చెమట లేదు, రెప్పపాటు లేదు, దండలు వాడలేదు, కాళ్ళు నేలకి తగలలేదు. అసలు నలుడికి నీడ ఉంది, ఒంటిమీద దుమ్ము ఉంది.

అసలు రూపంలో ఉన్నప్పుడు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు "వచ్చారు" వాడు. అప్పుడు ఆ గౌరవం వాళ్ళ ఇంటి పలుకుబడి అవుతుంది. పరాయివాళ్ళ ముందు మారురూపి పొరపాటున తమ్ముణ్ణి "మీరు వచ్చారా" అని పలకరిస్తే గుట్టు అక్కడే బయటపడుతుంది. ఆట నడిపేవాడివి, ఆ పొరపాటు ఎప్పుడు చేయించాలో నీ చేతిలోనే ఉంది.