స్లీవ్ సర్జరీ తరువాత రుచులు మారిపోయాయి: ఇది ఎంతకాలం ఉంటుంది?

ప్రశ్న: తెనాలి గృహిణి

అందరికీ నమస్కారం. అధిక బరువు, దానితోపాటు వచ్చిన మధుమేహం కారణంగా వైద్యుల సలహాపై సంక్రాంతి తరువాత స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (జీర్ణాశయాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్స) చేయించుకున్నాను. బరువు తగ్గుతోంది, రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది. ఆ విషయంలో నాకు ఏ అసంతృప్తీ లేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నది నోటి రుచి. ఎన్నో ఏళ్లుగా ఇష్టంగా తాగిన టీ ఇప్పుడు అర చెంచా పంచదారకే వెగటుగా ఉంటోంది. కోడికూర ఉడుకుతున్న వాసన వస్తే వంటింట్లో నిలబడలేకపోతున్నాను. ఉదయం లేవగానే నోట్లో ఇనుము నాకినట్లు ఒక రుచి ఉంటుంది. ఆసుపత్రిలో సూచించిన వనిలా ప్రోటీన్ పొడి రెండు గుక్కలు కూడా లోపలికి పోవడం లేదు కనుక, రోజుకు తీసుకోవలసిన ప్రోటీన్ అందడం లేదని భయంగా ఉంది.

ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో అందరికీ వంట చేసేది నేనే. ఇప్పుడు నాకు ఉప్పు సరిపోయిందనిపించిన పప్పు మావారికీ పిల్లలకూ చప్పగా ఉంటోంది. ఆవకాయ పెట్టే రోజులు వచ్చేశాయి. పాళ్లు చూడడానికి నా నాలుకను నేనే నమ్మలేకపోతున్నాను. ఇది అందరికీ జరిగేదేనా, లేక శరీరంలో ఏదైనా లోపానికి సూచనా? అనుభవం ఉన్నవారు, విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: పోషకాహార నిపుణురాలు, విశాఖపట్నం

నమస్కారమండీ. ముందుగా ఒక మాట: ఇది మీ ఊహ కాదు. బ్రిటన్‌లోని లెస్టర్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే శస్త్రచికిత్స) చేయించుకున్న 103 మందిని ప్రశ్నించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 73 శాతం మంది రుచి మారిందనీ, 42 శాతం మంది వాసన మారిందనీ చెప్పారు. వారికి వెగటు పుట్టించిన పదార్థాలలో మాంసాహారమే ముందుంది. అది బైపాస్ గురించి జరిగిన అధ్యయనమే అయినా, స్లీవ్ చేయించుకున్నవారి నుంచి కూడా నేను తరచుగా ఇవే మాటలు వింటున్నాను.

కారణం నాలుకలో మాత్రమే లేదు. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. ఆకలిని రేపే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం దానితోపాటే పోతుంది. మరోవైపు, తిన్న తరువాత పేగుల నుంచి విడుదలయ్యే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు మునుపటికంటే ఎక్కువగా పెరుగుతాయి. ఇవి కడుపు నిండిందని మెదడుకు తెలియజేయడంతో ఆగవు. తిండి మీద కలిగే ఇష్టాన్ని కూడా మారుస్తాయి. తీపిని ఎంత పలుచగా కలిపితే గుర్తుపట్టగలరని రోగులను పరీక్షించిన అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవలేదు. అందువల్ల, తీపిని గుర్తించే శక్తి కంటే దాని వల్ల కలిగే తృప్తి ఎక్కువగా మారుతుందని నేను భావిస్తున్నాను. మీరు టీలోని పంచదారను గుర్తుపడుతూనే ఉన్నారు, అది మీకు సంతోషం ఇవ్వడం లేదు.

అయితే అన్నింటినీ శస్త్రచికిత్స ఖాతాలో వేసి ఊరుకోకూడదు. ఇనుము రుచికి వేరే కారణాలు ఉండవచ్చు. బరువు వేగంగా తగ్గేటప్పుడు శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేస్తుంది, వాటి వల్ల నోటి రుచి మారుతుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దానికీ ఈ లక్షణం ఉంది. స్లీవ్ తరువాత కొందరికి ఆమ్లం పైకి ఎగదన్ని ఉదయం పూట నోరు పుల్లగానో చేదుగానో ఉంటుంది. జింక్ లోపిస్తే రుచి మందగిస్తుంది. బీ12 లోపిస్తే నాలుక నున్నగా, ఎర్రగా మారి మండుతుంది. బియ్యపు గింజలు, సుద్ద, మంచుగడ్డలు తినాలనిపిస్తే ఐరన్ లోపాన్ని అనుమానించాలి. సంతానం కలిగే వయసులో ఉన్న స్త్రీలకు మరొక సూచన: బరువు తగ్గగానే గర్భం దాల్చే అవకాశం పెరుగుతుంది, వాసనలు పడకపోవడానికి అది కూడా కారణం కావచ్చు. శస్త్రచికిత్స తరువాత కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు కనుక, ఈ విషయాన్ని ఉపేక్షించకండి.

ప్రోటీన్ విషయంలో మీ భయం సరైనదే. రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి. తీపి కలిపిన పొడి పడకపోతే దానితో పోరాడకండి. ఏ రుచీ కలపని వే ప్రోటీన్ (పాలు విరిగినప్పుడు వచ్చే నీటి నుంచి తీసే ప్రోటీన్ పొడి) దొరుకుతుంది. దానిని ఉప్పు, జీలకర్రపొడి వేసిన మజ్జిగలో గానీ, గోరువెచ్చగా చల్లార్చిన పప్పుకట్టులో గానీ కలపండి. మరుగుతున్నదానిలో వేస్తే ఉండలు కడుతుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వేడి పదార్థాల నుంచి వాసన ఎక్కువగా లేస్తుంది కాబట్టి, చల్లారిన తరువాత తింటే చాలామందికి వెగటు తగ్గుతుంది.

జవాబు: కరీంనగర్ ఉపాధ్యాయుడు

అమ్మా, నేను కొన్నేళ్ల క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాను. మొదటి ఏడాది నా పరిస్థితి కూడా ఇదే. దసరాకు ఇంట్లో మటన్ వండితే ఆ పూట నేను బయట అరుగు మీద కూర్చున్నాను. మాంసంలోని పీచు సరిగా నమలకపోతే చిన్న సంచిలాంటి పొట్టలో ఇరుక్కున్నట్లయి నొప్పి వచ్చేది. అలా రెండు మూడుసార్లు బాధపడిన తరువాత వాసన వస్తేనే మనసు వెనక్కు తగ్గేది. కాబట్టి కొంత వెగటు హార్మోన్ల వల్ల వస్తే, కొంత శరీరం నేర్చుకున్న జాగ్రత్త వల్ల వస్తుందని నా నమ్మకం. తీపి కూడా అంతే: ఒక పెళ్లిలో పాయసం తిన్న కొద్దిసేపటికే గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం మొదలయ్యాయి. దానిని డంపింగ్ సిండ్రోమ్ అంటారని వైద్యులు చెప్పారు.

ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. ఈ వెగటు శాశ్వతమని అనుకోకండి. నాకు రెండో ఏడాదిలో తీపి మీద ఇష్టం మెల్లగా తిరిగి వచ్చింది, మిఠాయి దుకాణం ముందు ఆగాలనిపించడం మళ్లీ మొదలైంది. ఇప్పుడు మీకు తీపి వద్దనిపిస్తున్న ఈ నెలలు చాలా విలువైనవి. ఏ ప్రయాసా లేకుండా పంచదార మానగలుగుతున్న ఈ సమయంలోనే భోజన వేళలు, మెల్లగా నమిలి తినడం, తినేటప్పుడు నీళ్లు తాగకపోవడం వంటివి అలవాటు చేసుకోండి. మాంసం మాత్రం బలవంతంగా తినకండి. నేను చేపలతో తిరిగి మొదలుపెట్టాను. మెత్తగా ఉంటాయి కనుక అవి త్వరగా పడ్డాయి.

జవాబు: భీమవరం నుంచి

మా చెల్లెలికి కూడా ఈ శస్త్రచికిత్స అయింది కనుక వంట విషయం మటుకు నేను చెబుతానమ్మా. రోజువారీ కూరలకు, పప్పుకు ఉప్పు చెంచాతో కొలిచి వేసి, ఏ గిన్నెకు ఎంత పడుతుందో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. రుచి చూసే పని మీ పిల్లల్లో పెద్దవారికి అప్పగించండి. ఆవకాయకు ఈ ఏడాది మీ నాలుకతో పనే లేదు. ముక్కలకు, కారానికి, ఆవపిండికి, ఉప్పుకు మీ అత్తగారింటి కొలత ఏదో ఉంటుంది కదా, ఆ కొలత గిన్నెనే వాడండి. ఉప్పు తగ్గితే ఆవకాయ బూజు పడుతుంది కాబట్టి, మీకు ఎక్కువైందనిపించినా కొలత తగ్గించవద్దు. మూడో రోజు తిరగకలిపేటప్పుడు మీ వారిచేత రుచి చూపించండి.

జవాబు: తెనాలి గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. నేను మెట్‌ఫార్మిన్ ఇంకా వాడుతున్న మాట నిజమే. మజ్జిగలో రుచి లేని పొడి కలపవచ్చన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఈ వారమే తెప్పించుకుంటాను. జింక్, బీ12 పరీక్షలు చేయించుకోవాలనుకుంటున్నాను. ఈలోగా మందుల దుకాణంలో జింక్ మాత్రలు కొని మొదలుపెట్టవచ్చా? జుట్టు రాలుతోందని ఇప్పటికే బయోటిన్ వాడుతున్నాను.

జవాబు: పోషకాహార నిపుణురాలు, విశాఖపట్నం

పరీక్షకు ముందు జింక్ మొదలుపెట్టవద్దండీ. మొదలుపెడితే అసలు లోపం ఉందో లేదో తెలియదు. పైగా జింక్ ఎక్కువైతే శరీరం రాగిని గ్రహించుకోలేదు. రాగి లోపిస్తే రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. అందుకే ప్రతి 8 నుంచి 15 మిల్లీగ్రాముల జింక్‌కు 1 మిల్లీగ్రాము రాగి ఉండేలా మందులు ఇస్తారు. ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ ఇస్తే వాటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి.

బయోటిన్ సంగతి చెప్పి మంచి పని చేశారు. అధిక మోతాదులో వాడితే కొన్ని ప్రయోగశాలల్లో థైరాయిడ్, బీ12 వంటి పరీక్షల ఫలితాలు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో మీ వైద్యుణ్ణి అడిగి, అన్ని పరీక్షలకూ కలిపి ఉదయం పరగడుపున రక్తం ఇవ్వండి. మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపకండి, ఇనుము రుచి గురించి చెబితే వైద్యులే మోతాదు చూస్తారు. ఒకవేళ ఏమీ ఇమడకుండా వాంతులు రోజుల తరబడి కొనసాగితే మాత్రం పరీక్షల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అటువంటప్పుడు బీ1 విటమిన్ త్వరగా తగ్గిపోయి నరాలు, మెదడు దెబ్బతినే అవకాశం ఉంది.