‘శైథిల్యం’ అంటే కూలిపోవడమేనా?

ప్రశ్న: రాళ్లమీద మొక్కలు పెరగడం, వాటివల్ల రాయి మెల్లగా మన్ను కావడం గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. పాఠ్యపుస్తకాల్లో దీనికి ‘శైథిల్యం’ అని ఉంది. శిథిలం అనగానే నాకు కూలిన గోడలు, పాడుబడ్డ కోటలు గుర్తొస్తాయి. బండమీద పచ్చగా ఏదో మొలుస్తుంటే ఆ మాట వాడబుద్ధి కావడం లేదు. ‘క్రమక్షయం’ అని రాయవచ్చా?

జవాబు: దయచేసి అలా మార్చకండి, అర్థమే మారిపోతుంది. గాలో నీరో హిమానీనదమో రేణువులను ఎత్తుకుపోతే అది క్రమక్షయం. శైథిల్యంలో రాయి ఉన్నచోటే ఉంటుంది, లోపలి పట్టు మాత్రం వదులుతుంది. సంస్కృతంలో ‘శిథిల’ అంటే వదులైన, బిగువు తప్పిన అని. హిందీ ‘ఢీలా’ దాన్నుంచి వచ్చిందే. మనం ‘ఢీలా పడ్డాడు’ అంటే మనిషి కూలిపోయాడని కాదు కదా, బిగువు తగ్గాడని. రాయి విషయంలోనూ అంతే.

ఆ సడలడాన్ని నేను కళ్లారా చూశాను. బండకు అతుక్కున్న బూడిదరంగు రాతిపువ్వును (లైకెన్) ఒకసారి గోటితో లేపి, అడుగుభాగాన్ని భూతద్దంలో చూశాను. పొర వెనక సన్నటి ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి. అవి అంతకుముందు రాయిలో భాగాలే. రాతిపువ్వులోని శిలీంధ్రపు పోగులు ఖనిజాల సందుల్లోకి దూరతాయి. తడిస్తే పొర ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు రేణువులు ఊడి వస్తాయి. పైగా అది వదిలే ఆక్సాలిక్ ఆమ్లం ఖనిజాలను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. దీనికి ‘శైథిల్యం’ కన్నా సరిపోయే మాట నాకు తోచడం లేదు.

ప్రశ్న: ఒప్పుకున్నాను. మరి రాతిపువ్వును ‘మొక్క’ అనవచ్చా? మూలంలో అన్నిటినీ కలిపి మొక్కలనే రాశారు.

మరొకరు: అనకండి. అది పువ్వూ కాదు, మొక్కా కాదు. శిలీంధ్రం, శైవలం అనే ఆల్గే (కొన్నిట్లో ఎండతో ఆహారం చేసుకునే సయనోబాక్టీరియా) కలిసి చేసే కాపురం. ఈ జంట సంగతిని 1860ల చివర్లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ చెబితే, లైకెన్‌ల నిపుణులే చాలాకాలం ఒప్పుకోలేదు. మన ఆయుర్వేదంలో దీన్ని ‘శైలేయం’ అన్నారు, అంటే రాతిలో పుట్టినది అని. జాతి గొడవలోకి దిగకుండా పుట్టుకచోటునే పేరుగా పెట్టిన ఆ మాట నాకు ఎంతో ఇష్టం. మీ వ్యాసంలో ‘రాతిపువ్వు’ అని రాసి, ఒకసారి లైకెన్ అని చెబితే చాలు. నాచు మాత్రం వేరుగా ఉంచండి. మనవాళ్లు పాచి, నాచు అనే మాటలను శైవలాలకూ మాస్‌లకూ (తేమచోట్ల మెత్తగా పరుచుకునే చిన్న మొక్కలు) కూడా వాడేస్తారు.

ఇంకో మాట. ‘బట్టబండమీదికి మొదట వచ్చేవి లైకెన్‌లే’ అని మూలంలో ఉంటే కాస్త ఆగండి. 1963లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలోంచి అగ్నిపర్వతం లేచి సుర్త్సే ద్వీపం ఏర్పడింది. అక్కడ 1965లోనే తీరం ఇసుకలో పూలమొక్క కనిపించింది. లావామీద మాస్‌లు 1967లో, లైకెన్‌లు 1970లో. కాబట్టి ‘తరచుగా’ అని చేర్చడం మేలు.

ప్రశ్న: ఇద్దరికీ కృతజ్ఞతలు. వాక్యం ఇలా దిద్దాను: ‘రాతిపువ్వులు, మాస్‌లు రాతిని సడలిస్తాయి. అవి పట్టి ఉంచిన దుమ్ములో, తడిలో విత్తనం మొలుస్తుంది. దాని వేరు రాయిని చీల్చుకుని లోపలికి పోతుంది.’

జవాబు: మొదటి రెండూ బాగున్నాయి. ‘చీల్చుకుని’ దగ్గర మాత్రం అభ్యంతరం. లేత వేరు గట్టి రాయిని చీల్చలేదు, ఉన్న పగులును వెతుక్కుంటుంది. అందులో దిగాక లావెక్కుతూ రెండు పక్కలనూ ఎడంగా నెడుతుంది. ఈలోగా వేరు వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి కార్బానిక్ ఆమ్లమై పగులు గోడలను తింటూ ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ లాంటి గట్టి ఖనిజం బంకమన్నుగా మారేది అలాగే. అందుకే ‘పగులులోకి దిగి, దాన్ని వెడల్పు చేస్తుంది’ అనండి.