కొత్తవాళ్ల మొదటి సైబర్‌పంక్ ఆటకు విశాఖపట్నమే రంగస్థలం కావాలా?

లాసన్స్‌బే పాచిక:

గత నెలలో రెండు ఆదివారాలు మా మేడ మీద నలుగురు కొత్తవాళ్ల చేత ‘ది స్ప్రాల్’ ఆడించాను. తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. 2016లో వచ్చిన ఈ సైబర్‌పంక్ టేబుల్‌టాప్ ఆటలో బోర్డూ పావులూ ఉండవు. పెద్ద కార్పొరేషన్లు ఏలే రేపటి నగరంలో, వాటి కీచులాటల్లో కిరాయికి పనిచేసే మనుషులుగా ఆటగాళ్లు మాటలతోనే కథ నడుపుతారు. ఎటు తేలుతుందో తెలియని చోట మాత్రం రెండు పాచికలు వేస్తారు, ఆ ఫలితాన్ని బట్టి జీఎం, అంటే ఆట నడిపించే గేమ్ మాస్టర్, కథను మలుపు తిప్పుతాడు.

మొదటి ఆదివారం నేను ఒక విదేశీ మహానగరాన్ని ఎంచుకుని, దాని పేటలనూ కంపెనీలనూ అరగంట సేపు హరికథ చెప్పినట్టు చెప్పాను. అంతా విన్నాక “ఇప్పుడు మీరేం చేస్తారు?” అని అడిగితే నలుగురూ నా మొహం చూసి “ఏం చెయ్యొచ్చు?” అన్నారు. రెండో ఆదివారం అదే పనిని, అంటే గిడ్డంగిలోంచి ఒక పెట్టెను తెచ్చే పనిని, 2080 నాటి విశాఖపట్నానికి మార్చాను. బీచ్ రోడ్డును సముద్రం మింగేసింది, డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక కార్పొరేషన్ సొంతమైపోయింది, ఓడరేవులో కంటైనర్లను మనుషులు ముట్టుకోవడం మానేశారు అని మూడే వాక్యాలు చెప్పాను. కంటైనర్ యార్డులో ఉద్యోగం చేసే మా బావమరిది అంతకుముందు వారం నోరు విప్పనివాడు. అతనే, “పని యంత్రాలదే అయినా వాటిని కనిపెట్టుకునే మనుషులకు షిఫ్టు ఉంటుంది కదా, రాత్రి పదింటికి షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర ఎవరి మొహం ఎవరూ చూడరు, అప్పుడు దూరుదాం” అన్నాడు. అక్కడి నుంచి ఆటను నేను నడపలేదు, వాళ్లే నడిపారు.

కాబట్టి కొత్తవాళ్లను ఈ ఆటలోకి దించేటప్పుడు పరాయి నగరాన్ని పక్కన పెట్టి, వాళ్లు తిరిగే ఊరినే రంగస్థలం చెయ్యాలన్నది నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

పది ముఖాలు:

నేను కాదంటాను. ‘సైబర్‌పంక్ రెడ్’ అనే ఇంకో టేబుల్‌టాప్ ఆటను ఆడించేవాణ్ని కనుక నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను. మైక్ పాండ్‌స్మిత్ 1988లో ఈ ఆట తొలి రూపాన్ని తెచ్చినప్పటి నుంచీ కాలిఫోర్నియా తీరాన ఉన్నట్టు ఊహించిన నైట్ సిటీ అనే నగరం దానితోనే పెరుగుతూ వచ్చింది. రెడ్‌లో కథాకాలం 2045. మూడు దశాబ్దాలకు పైగా ఎందరో కలిసి కట్టిన ఊరిని పక్కన పెట్టి, ఆదివారం పొద్దున్న మనం మూడు వాక్యాల్లో కట్టిన ఊరే మేలనడం నాకు మింగుడుపడదు.

అనుభవం కూడా చెబుతాను. నిరుడు ఎంవీపీ కాలనీలో మీరు చెప్పిన పద్ధతిలోనే విశాఖపట్నాన్ని పెట్టి ఆడించాను. తరుముతున్న డ్రోన్లను తప్పించుకుంటూ జగదాంబ నుంచి గాజువాకకు పావుగంటలో చేరారని నేను అన్నానో లేదో, ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఇరుక్కోకుండా అది ఎలా సాధ్యమని ఇద్దరు వాదన పెట్టుకున్నారు. అరగంట పోయింది. డ్రోన్ల సంగతి అందరూ మరిచిపోయారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ బల్ల దగ్గర రాయగడ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు ఒకడున్నాడు. ఊరి పిల్లలు పేటల పేర్లతో చెలరేగిపోతుంటే అతను మూడు గంటల్లో మూడు మాటలు మాట్లాడాడు. నైట్ సిటీలో అయితే అందరూ సమానంగా పరాయివాళ్లే. మీ బావమరిదికి నోరు ఇచ్చిన ఊరే ఇంకొకరి నోరు కట్టేస్తుందని మీరు గమనించాలి.

ముప్ఫైఆరు గళ్లు:

ఇద్దరూ ఊరి గురించి వాదిస్తున్నారు గానీ, కొత్తవాళ్లు తడబడేది ఊరి దగ్గర కాదని నా అభిప్రాయం. స్ప్రాల్‌లో రెండు పాచికల మొత్తానికి పాత్ర బలాన్ని కలుపుతాం. పది, ఆపైన వస్తే అనుకున్నది అనుకున్నట్టు జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిది వరకు వస్తే జరుగుతుంది గానీ ఏదో ఒకటి చెల్లించుకోవాలి. ఆరు, అంతకు తక్కువ వస్తే వ్యవహారం బెడిసికొడుతుంది. పాత్ర బలం సున్నా అయితే మొత్తం 36 అవకాశాల్లో పూర్తి గెలుపు 6, మధ్యఫలితం 15, బెడిసికొట్టేది 15. బలం ఒకటైతే అవి వరుసగా 10, 16, 10 అవుతాయి. అంటే ఆట మనకు ఎక్కువగా ఇచ్చే జవాబు “అవును, కానీ” అన్నదే. మార్కుల చదువులు చదివిన మన పిల్లలు ఎనిమిది పడగానే తప్పామనుకుని చిన్నబుచ్చుకుంటారు. ఆ ఎనిమిదే కథకు ప్రాణమని, ముందుగా ఒక చిన్న సన్నివేశం ఆడించి చూపించకపోతే, ఏ నగరం పెట్టినా లాభం లేదు.

రెండో తడబాటు పథకాలు వేయడం దగ్గర వస్తుంది. కొత్తవాళ్లను వదిలేస్తే గిడ్డంగిలోకి ఎలా దూరాలో రాత్రి దాకా చర్చిస్తూ కూర్చుంటారు. దీనికి స్ప్రాల్‌లో చక్కని మందు ఉంది: ముందస్తు వాకబు చేసినప్పుడు సమాచారం, సామాను అనే రెండు రకాల నిల్వలు చేతికి వస్తాయి, వాటిని లోపలికి దూరాక ఖర్చుపెట్టి “ఈ తాళం సంగతి నాకు ముందే తెలుసు” అనో “తాడు తెచ్చుకున్నాను” అనో అప్పటికప్పుడు చెప్పుకోవచ్చు. ఈ ఒక్క సంగతి మొదటి పది నిమిషాల్లో చెప్పండి, రెండు గంటలు మిగులుతాయి.

అసలైన గుమ్మం మాత్రం ఇది కూడా కాదు. ప్రతి పాత్రకూ ఒంట్లో ఒక యంత్రభాగం ఉంటుంది. దాన్ని కొనే స్తోమత ఎక్కడిదని ఆట అడుగుతుంది. కూడబెట్టుకుని నాసిరకం కొన్నారా, ఎవరికైనా కట్టుబడిపోయారా, ఎవరినైనా ముంచి ఇప్పుడు పరారీలో ఉన్నారా? నేను ఆడించిన వాళ్లలో ఒక బ్యాంకు ఉద్యోగిని ఈ ప్రశ్న వినగానే “వాయిదాల మీద కొన్న చెయ్యి, నాలుగు నెలలుగా కట్టలేదు, ఇప్పుడది రాత్రి తొమ్మిది తర్వాత పనిచెయ్యదు” అన్నారు. ఆవిడకు నైట్ సిటీ అవసరం రాలేదు, విశాఖపట్నం కూడా అవసరం రాలేదు.

పది ముఖాలు:

ఆ చెయ్యి అద్భుతం. మా రాయగడ కుర్రవాడు కూడా ఆ ప్రశ్నకు తప్పక జవాబు చెప్పి ఉండేవాడు.

గోపాలపట్నం:

ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ రాయలేదు. ఒక విషయం చెప్పక తప్పదనిపించి రాస్తున్నాను.

స్ప్రాల్ మొదలుపెట్టేటప్పుడు ఒక్కో ఆటగాడూ ఒక్కో కార్పొరేషన్‌ను సృష్టించాలి. నేను ఆడిన బల్ల దగ్గర ఆటస్థలం విశాఖపట్నమే. ఒక అబ్బాయి ఏ దురుద్దేశమూ లేకుండా, తెల్లవారుజామున విషవాయువు వదిలి ఒక పేటను ఖాళీ చేయించిన రసాయనాల కంపెనీని సృష్టించాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు చున్నీ తడిపి ముక్కుకు కట్టుకుని పరుగెత్తినవాళ్లలో నేను ఒకదాన్నని అక్కడ ఎవరికీ తెలియదు. జీఎం ఆ కంపెనీని మెచ్చుకుని అదే ఆనాటి కథకు మూలం చేశారు. బల్ల మధ్యలో ఎక్స్ కార్డు ఉంది, దాన్ని తాకితే కారణం అడగకుండా ఆ విషయం వదిలేస్తామని ముందే చెప్పారు కూడా. నేను తాకలేదు. జీఎం నాకన్నా పదేళ్లు పెద్ద, మొదటిసారి పిలిచారు, వాళ్లింట్లో టిఫిన్ తిన్నాను. అంతమంది ఉత్సాహంగా ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన ఆడపిల్ల చెయ్యి చాపి ఆట ఆపడం మన ఇళ్లలో ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు.

సైబర్‌పంక్ అంటేనే కంపెనీల దౌర్జన్యం. అది పరాయి నగరంలో జరిగితే కథ, మన వీధిలో జరిగితే జ్ఞాపకం. అయినా విశాఖపట్నం వద్దని నేను అనను, ఎందుకంటే ఆ రోజు మొదటి గంటలో నేను ఎంతో సంతోషంగా ఆడాను.

లాసన్స్‌బే పాచిక:

అమ్మా, మీరు రాసింది చదివాక నా మొదటి టపాలోని ధీమా నాకే ఇబ్బందిగా ఉంది. మా మేడ మీద అలాంటిది జరగకపోవడం నా తెలివి కాదు, అదృష్టం. ఇక మీదట పేటలూ కొండలూ సముద్రమూ మనవే ఉంచి, కార్పొరేషన్లను మాత్రం ఈ ఊళ్లోని ఏ కర్మాగారాన్నీ పోలకుండా కల్పించమని చెబుతాను. వేటిని ఆటలోకి రానివ్వకూడదో ఒక్కొక్కరినీ ముందురోజే ఫోన్లో విడిగా అడుగుతాను. నలుగురిలో అడిగితే ఎవరూ చెప్పరు.

అయితే ఊరి జ్ఞాపకాలన్నిటినీ తలుపు బయటే ఉంచడం కుదరదని కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేకుండా ఈ ఊరు ఎలా ఉందో మా ఆటగాళ్లే తెచ్చి కథలో పెట్టారు. నెట్‌వర్క్ పోయిన నగరంలో హ్యాకర్ ఏం చేస్తాడన్న ప్రశ్న నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

పది ముఖాలు:

అదీ విపత్తే కదా, మరి దానికి అభ్యంతరం ఎందుకు లేదు?

గోపాలపట్నం:

మా బల్ల దగ్గర ఎవరికైనా ఉండొచ్చు, అడిగితే గానీ తెలియదు. నా మటుకు తుఫాను మీద కోపం లేదు.

కార్డు విషయంలో ఒక్క సూచన చేస్తాను. ఆట మొదలైన పావుగంటలో జీఎం తానే దాన్ని ఒకసారి తాకాలి, ఏ బొద్దింకల వర్ణన దగ్గరో, “నాకు ఇది వద్దు, వేరే చెబుదాం” అని. పెద్దవారు ముందు తాకితే చిన్నవాళ్ల చెయ్యి లేస్తుంది.

పది ముఖాలు:

ఈ సూచన నైట్ సిటీలోనూ పనికొస్తుంది, తీసుకుంటున్నాను. విశాఖపట్నం మీద నా అభిప్రాయం ఇంకా మారలేదు, అయినా వచ్చే ఆదివారం రాయగడ కుర్రవాణ్ని వెంటబెట్టుకుని లాసన్స్‌బే మేడ మీదకు వస్తాను. అతని పాత్ర ఈ ఊరికి అదే రోజు రైలు దిగిన మనిషి అయితే బాగుంటుంది, దారులన్నీ మిగతావాళ్లే చెప్పాల్సి వస్తుంది. ఎన్‌ఏడీ ట్రాఫిక్ మాత్రం 2080లో లేదని ముందే ఒప్పుకోండి.

లాసన్స్‌బే పాచిక:

ఒప్పుకోను. రండి.